రోడ్డు గట్టు మీద పేర్లు

అమెరికాలోని మొహావీ ఎడారిలో పాత అరవై ఆరో నంబరు రోడ్డు మీద, మూతపడ్డ పెట్రోలు బంకు దాటగానే డెల్ఫా కారు ఆపించింది. అక్కడి గట్టు పొడుగునా ప్రయాణికులు రాళ్లతో పేర్చిన పేర్లున్నాయి. పెళ్లైన కొత్తలో ఇంజను వేడెక్కి ఆగిపోతే, అది చల్లారేలోగా ఆమె, భర్త ఎల్డన్ తమ పేర్లు కూడా పేర్చారు. రాయికో ముద్దు ఇమ్మని అతను వేధించుకు తిన్నాడు. ఎల్డన్ పోయి ఏడాదైంది.

"చీకటి పడిందక్కా, పాములుంటాయి," అంది కారు నడుపుతున్న చెల్లెలు ఓనా.

"నిన్ను చూస్తే అవే పారిపోతాయి. లైట్లు ఇటు తిప్పు."

రెండు పేర్లూ చెక్కుచెదరలేదు. వాటి కింద మూడో పేరుంది. క్లారా. చివరి అక్షరం సగంలో ఆగింది.

డెల్ఫా ఆ పేరు పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది. పుట్టిన పూటే పోయిన బిడ్డకు ఆసుపత్రిలో వాళ్లిద్దరూ గుసగుసగా పెట్టుకున్న పేరది. మూడో మనిషికి తెలియదు. పాత రాళ్లు ఎండకు మాడి నల్లబడ్డాయి. ఈ రాళ్లకు మాత్రం తడిమట్టి ఇంకా అంటుకునే ఉంది.

వెలుగు పడని వైపు ఏదో రాయి కదిలిన చప్పుడై, ఆగింది.

"ఓనా, లైట్లు ఆపు."

"పిచ్చా నీకు? ఏం కనబడుతుంది?"

"ఆపవే తల్లీ, కాసేపే."

లైట్లు ఆరాయి. డెల్ఫా చేతికందిన రాయొకటి తీసి చీకట్లోకి చాపింది. ఎవరో దాన్ని మెల్లగా అందుకున్నారు.