నంబర్ల ఆట

"అప్పుడే అయిపోయిందా? ఎవరు వెతికిపెట్టారు, యెసేనియా?" లైబ్రేరియన్ మిసెస్ హోల్కం విసుగ్గా అడిగింది. చీటీలో రాసిన నంబర్లను బట్టి అరల్లోంచి పుస్తకాలు వెతికి తేవడం ఆట. పొద్దుటినుంచీ ప్రతి క్లాసుతోనూ ఆడించి ఆమె గొంతు బొంగురుపోయింది.

"ఎవరూ కాదు మిస్, నేనే వెతికాను. ప్రతి స్కూల్లోనూ ఇదే ఆట. ఆపిల్ కోతలు ఎక్కడుంటే నాన్న అక్కడికి, నాన్న వెనకే మేమూ."

"అయితే ఈపాటికి బోలెడు పుస్తకాలు చదివుంటావే!"

"లేదు మిస్. ముందు ఆట, పుస్తకాలు తర్వాత ఇస్తామంటారు. ఆ 'తర్వాత' వచ్చేలోపు మేం ఇంకో ఊళ్ళో ఉంటాం."

మిసెస్ హోల్కం కుర్చీలో కూలబడింది.

"వెళ్ళు, నీకిష్టమైంది తెచ్చుకో. ఇవాళే ఇస్తాను."

యెసేనియా అరల వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది.

"దాని నంబరెంత మిస్?"