మాస్టర్‌ కీ ఖాతా

"ఏడాది దాకా తీయడానికి వీల్లేకుండా వేసేద్దాం," అంది భార్య, దుకాణంలో గాజు బల్ల తుడుస్తూ.

తాళాలాయన చేతిలో ఆకురాయి ఆగిపోయింది. ఊళ్లో ఎవరి తలుపు బిగుసుకుపోయినా క్షణంలో తెరిచి, మాస్టర్‌ కీ అని పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. అలాంటి మనిషి డబ్బుకే తాళమా? ఇంతకు మించిన అవమానం ఏదైనా ఉంటే, అది ఆయన దుకాణంలో దొంగలు పడటమే.

ఆ డబ్బు ఒక పెద్ద హోటలు నుంచి వచ్చింది. గదులన్నిటికీ కొత్త తాళాలు పెట్టించారు. ఈయన వాటిని ఎంత గట్టిగా బిగించి వచ్చాడంటే, ఆ హోటలుకి మనవళ్ల కాలం దాకా తాళాలవాడి అవసరం రాదు. అంటే ఇంత మొత్తం మళ్లీ ఆ గుమ్మంలోంచి రాదన్నమాట. దీన్ని కదలకుండా నిలబెడితేనే బేరాల్లేని నెలలు గడుస్తాయి, ఏడాది చివర పన్ను కట్టడానికి ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. అంతవరకూ మొగుడూ పెళ్లాలకి పేచీ లేదు. పేచీ అంతా ఎక్కడ పెట్టాలన్న దగ్గరే.

ఆయన రెండు చేతులూ గాజు బల్ల మీద ఆనించి తన వాదన వినిపించాడు. నెల జీతం వాళ్లు డబ్బుకి ఎన్నాళ్లయినా తాళం వేసుకోవచ్చు. సొంత పని చేసుకునేవాడికి ఏ రోజు ఏ అవసరం ముంచుకొస్తుందో తెలియదు. తాళంచెవులు కోసే మిషను రేపే మూలపడొచ్చు. వడ్డీ నాలుగు రాళ్లు తగ్గినా సరే, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉండాలి.

ఆవిడ ఆయన చేతుల్ని పక్కకి జరిపి, వాటి కింది మరకని కాసేపు చూసి, తుడిచింది. "మిషను మూలపడుతుందనా, ఇనప తలుపు చేజారిపోతుందనా?" అంది.

ఆకురాయి చప్పుడు వెంటనే మళ్లీ మొదలైంది.

ఇనప తలుపు సంగతి ఆవిడ దాకా ఎలా వచ్చిందో ఆయనకి అంతు చిక్కలేదు. మూతపడ్డ ఏదో బ్యాంకు ఖజానా గది తలుపు అది. ఏనుగు వచ్చి బతిమాలినా కదలదు. పాత సామాన్ల కొట్టులో అమ్మకానికి పెట్టారు. ఆయన టీ తాగొస్తానని చెప్పి రోజూ వెళ్లి, దాని చుట్టూ తిరిగి, దాన్ని నిమిరి వస్తున్నాడు. కిందటిసారి డబ్బు చేతికందేలా ఉన్నప్పుడు ఇలాగే తాళంచెవి లేని ఇనప్పెట్టె ఒకటి ఇంటికొచ్చింది. తిండీ నిద్రా మానేసి దాన్ని తెరిచాడు. లోపల ఇంకో తాళంచెవి దొరికింది. అది దేనిదో తేల్చుకోవడానికి అప్పట్నుంచీ కనిపించిన ప్రతి కన్నంలోనూ పెట్టి చూస్తున్నాడు. ఆ ఇనప్పెట్టెలో ఇప్పుడు ఉల్లిపాయలుంటాయి. ఊళ్లో వాటికున్నంత భద్రత ఇంకెవరికీ లేదు.

బ్యాంకుకి వెళ్లే దారి పొడుగునా ఆవిడ ఏడాది అంది, ఆయన ఎప్పుడంటే అప్పుడు అన్నాడు. మెట్లెక్కేసరికి ఆవిడ ఆర్నెల్లకి దిగింది. ఆయన ఎక్కడివాడక్కడే ఉన్నాడు.

కౌంటరు వెనకున్న అమ్మాయి ఓపిగ్గా రెండు ఖాతాల గురించి చెప్పింది. మొదటిదాంట్లో వడ్డీ ఎక్కువ, కానీ గడువు దాకా ముట్టుకోకూడదు. రెండోదాంట్లో వడ్డీ కాస్త తక్కువ, కానీ రేపొద్దున్నే కావాలన్నా తీసుకోవచ్చు. రేపొద్దున్నే అన్న మాట వినగానే, పాత సామాన్ల కొట్టు ఎన్నింటికి తెరుస్తారా అని మాస్టర్‌ కీ ఆలోచనలో పడ్డాడు.

"కార్డు పోతుందనీ, నంబరు మర్చిపోతామనీ భయం లేదండీ. సంతకాల గొడవా లేదు," అంది అమ్మాయి. "మిషను మీద వేలు పెడితే చాలు. ఇద్దరి పేరా తెరిస్తే ఎవరి వేలైనా పనిచేస్తుంది."

"వేలు తప్ప ఇంకేదీ కుదరదా?" అడిగింది భార్య.

వంకలు మొదలయ్యాయి అనుకున్నాడాయన.

"కుదరదండీ. మీ డబ్బు మీ వేలికి తప్ప దేనికీ లొంగదు."

"అయితే అదే తెరవమ్మా. ఆయన మాటే కానీ."

పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ నోట ఆ మాట విన్న గుర్తు ఆయనకి లేదు. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని సంచిలోని డబ్బంతా గబగబా తీసి కట్టేశాడు. ఆ సంబరంలో ముందు వేలు పెట్టే గౌరవం కూడా ఆవిడకే ఇచ్చాడు. ఆవిడ బొటనవేలు ఆనించింది. పచ్చలైటు వెలిగింది.

తర్వాత ఆయన చొక్కా సర్దుకుని, దర్జాగా బొటనవేలు పెట్టాడు. ఎర్రలైటు. ప్యాంటుకి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. ఎర్రలైటు. వరసగా చేతులకున్న వేళ్లన్నీ అయిపోయాయి. కాళ్ల వంక కూడా చూసుకున్నాడు గానీ, బూట్లు విప్పడానికి మొహమాటం అడ్డొచ్చింది.

అమ్మాయి ఆయన వేళ్లని వెలుతురులో తిప్పి చూసింది. ఆకురాయి ఇన్నేళ్లూ తాళంచెవుల్ని ఎంత శ్రద్ధగా అరగదీసిందో, వాటిని పట్టుకున్న వేళ్లనీ అంతే శ్రద్ధగా అరగదీసింది. ఒక్క గీత మిగిలితే ఒట్టు.

"సంతకం పెడతానమ్మా. నా సంతకం చాలా బాగుంటుంది," అన్నాడు నీరసంగా.

అమ్మాయి తల అడ్డంగా ఊపి, ఏం పర్లేదంది. మేడం వేలు పడింది కాబట్టి ఖాతా నడుస్తుందట. ఆయనకి డబ్బు కావాల్సి వస్తే ఎప్పుడంటే అప్పుడు ఆవిడని వెంటబెట్టుకొస్తే సరిపోతుందట.

ఊళ్లో తలుపులన్నీ తెరిచిన మాస్టర్‌ కీ మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఆవిడ అలవాటు కొద్దీ రుమాలు తీసి, ఆయన ఇందాక చేతులు ఆనించిన కౌంటరు అద్దాన్ని తుడుస్తోంది.

"దుకాణం అద్దం రోజూ తుడిచేది నేనే కదండీ," అంది తల ఎత్తకుండానే. "వచ్చేపోయే వాళ్లందరి వేళ్లూ గీతలతో సహా పడతాయి, మీ వేళ్లు పెట్టినచోట మాత్రం ఏళ్ల తరబడి వట్టి మరకే."