దిగిపోయిన సూది

"ఇంజను కాలిపోతుంటే వేడి చూపించే సూది పైకి లేవదా? కళ్ళు నెత్తికెక్కాయా?" అని ఓనరు లారీ డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు.

"లేవలేదు సార్. ఉన్నట్టుండి కిందికి దిగిపోయింది. చల్లబడిందనుకున్నాను."

ఓనరు నావైపు తిరిగాడు. "ఏరా మెకానిక్కూ, ఇలాంటి కట్టుకథ ఎక్కడన్నా విన్నావా?"

కట్టుకథ కాదని నాకు తెలుసు. ఆ సూదికి తెలిసేది నీళ్ళ వేడి ఒక్కటే. రేడియేటరు పైపు పగిలి నీళ్ళన్నీ కారిపోతే, ఇంజను నిప్పుల కుంపటైనా సూది చచ్చినట్టు పడుంటుంది. కానీ ఆ మాటంటే పైపు సంగతి బయటికొస్తుంది. కొత్తది కొనమంటే "ఉన్నదాంతోనే కానివ్వరా" అన్నది ఈ పెద్దమనిషే. అయినా అతుకు వేసింది నేనేగా, నా మెడకే చుడతాడు.

"అన్న కునుకు తీసుంటాడు సార్," అన్నాను.

డ్రైవరు ఉద్యోగం అక్కడికక్కడే ఊడింది. లారీ తాళాలు బల్ల మీద పెట్టేశాడు. గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచి, నేను పైపుకి చుట్టిన ట్యూబు ముక్క చేతిలో పెట్టాడు.

"బండి ఆగిపోయాక దిగి చూస్తే, ఇది ఊడి వేలాడుతోంది తమ్ముడూ. ఆయన కంటపడితే నీ పని పోతుందని పీకి జేబులో వేసుకున్నాను."