జత తప్పిన ఓటు

“టీవీని అలా మింగేసేలా చూడకు. వాఫెల్ చల్లారిపోతోంది, తిను,” అంది టోర్డిస్.

సింద్రెకి ముద్ద దిగడం లేదు. పార్లమెంటు క్యాంటీన్లో గోడమీది టీవీలో ఓటింగు మొదలవబోతోంది. స్కార్విక్ ఆసుపత్రిలో ప్రసూతి వార్డు ఉంటుందో ఊడుతుందో ఇప్పుడే తేలాలి. స్కార్విక్ అతని సొంత ఊరు. అక్క ఇన్‌గెర్‌కి ఏడో నెల. టోర్డిస్ వెనక తిరిగి పని నేర్చుకోవడానికి ఓస్లో వచ్చేటప్పుడు ఊరంతా భుజం తట్టి పంపింది, మన వార్డు కోసం కొట్లాడే సభ్యురాలి దగ్గరికే పోతున్నావురా అని.

“మీరు లోపల ఉండొద్దా, టోర్డిస్?” అన్నాడు ఉండబట్టలేక. మేడమ్ గీడమ్ అంటే ఊరుకోనని మొదటిరోజే చెప్పేసింది ఆవిడ.

“జత కట్టానయ్యా బాబూ! అవతలి పక్షం హల్వార్డ్‌కి జ్వరం. ఆయన రాలేడు కాబట్టి ఇవతల నేనూ ఓటెయ్యను. చెల్లుకు చెల్లు. రేపు నేను మంచమెక్కితే వాళ్లలో ఒకరు కూర్చుంటారు. సంతకాలూ గట్రా ఏమీ ఉండవు. అంతా నోటిమాట మీదే.”

ఓటింగు నిమిషంలో ముగిసింది. ఒక్క ఓటు తేడాతో వార్డు పోయింది. అవతలి పక్షం చప్పట్లు కొడుతుంటే, వాళ్ల మధ్యనుంచి మెడకి మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దాయన బల్ల పట్టుకుని లేచాడు.

“అరె, హల్వార్డ్ కదూ!” అంది టోర్డిస్.

సింద్రె ముఖం పాలిపోయింది. పొద్దున ఆవిడ మీటింగులో ఉండగా హల్వార్డే ఫోన్ చేశాడు. జ్వరం తగ్గింది, ఓటుకి వస్తున్నా, జత లేదని టోర్డిస్‌కి చెప్పు అన్నాడు. సరేనండీ అని పెట్టేసిన మరుక్షణం అక్క ఫోను. కడుపులో బిడ్డ తంతోందని ఒకటే నవ్వు. ఆ కబుర్లలో పడి ఈ కబురు గాలికి పోయింది.

“నేను... ఆయన పొద్దున ఫోన్ చేశారు. మీకు చెప్పమన్నారు. మర్చిపోయాను.”

టోర్డిస్ కాఫీ కప్పు కింద పెట్టింది.

“మీ ఓటు పడి ఉంటే సమానమయ్యేది కదా? అప్పుడు సభాధ్యక్షుడి ఓటే తేల్చేది. ఆయన మనవైపే కదా?”

“ఔను.”

సింద్రెకి భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. టోర్డిస్ లేచి అతని భుజం మీద చెయ్యి వేసింది. “ఏడవకు. నేనున్నాను. ఎవరితోనూ మాట్లాడకు, నేను చూసుకుంటా.”

బయట విలేకరులు కాచుకుని ఉన్నారు. “మా ఆఫీసులో కబురు అందలేదు,” అంది ఆవిడ మైకుల ముందు. “కుర్రాడు కొత్త. పొరపాటు చిన్నవాళ్లు చేస్తారు, బాధ్యత పెద్దవాళ్లు తీసుకోవాలి. బాధ్యత నాదే. పేరు మాత్రం అడక్కండి.”

ఎంత పెద్ద మనసు అన్నారందరూ. పేరు చెప్పకపోతేనేం? ఆవిడ ఆఫీసులో కొత్త కుర్రాడు ఒక్కడే. అతను ఎవరి వెనక తిరుగుతున్నాడో స్కార్విక్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా సింద్రె కళ్లనీళ్లతో ఆవిడ చేతులు పట్టుకున్నాడు. వేరొకరైతే ఆ పూటే బ్యాగు సర్దుకోమనేవారు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఈసారి నవ్వు లేదు.

“నువ్వేనట్రా?”

“నేనే అక్కా.”

“నాతో మాట్లాడుతూనా మర్చిపోయావు?”

సింద్రె లేచి గది తలుపు మూశాడు.

“జనవరిలో నొప్పులొస్తే కొండ మీదుగా రెండు గంటలు. మంచు పడితే ఆ దారే మూసేస్తారు, నీకు తెలీనిదా? పురిటికి ఇక టోర్డిస్ వాళ్ల ఊరు ఎల్వెబుకే పోవాలట. కొత్త వార్డు వాళ్లకి కట్టిస్తారు, మేము అంబులెన్సులో కనాలి.” ఇన్‌గెర్ ముక్కు చీదింది. “అమ్మ ఇవాళ రొట్టె కొనడానికి కూడా బయటికి రాలేదురా. ఎవరికి ముఖం చూపించనూ అంటోంది.”

మర్నాడు సింద్రె రాజీనామా చేస్తానన్నాడు.

“పారిపోతావా? ఛ! నీ మీద నాకు పిసరంత కోపం లేదు. ఉండు,” అంది టోర్డిస్ ఆప్యాయంగా. ఆ మంచితనానికి అతనికి ఇంకా సిగ్గేసింది. కనీసం హల్వార్డ్‌కైనా క్షమాపణ చెప్పుకోవాలనుకున్నాడు.

పెద్దాయన కోట్లు తగిలించే గదిలో మఫ్లరు విప్పుకుంటున్నాడు.

“మొన్న... కాదు, నిన్న పొద్దున ఫోన్లో మీతో మాట్లాడింది నేనే. మీరు జత లేదన్న సంగతి టోర్డిస్‌కి చెప్పలేదు. పూర్తిగా మర్చిపోయాను. నా వల్ల మీ మాట పోయింది. క్షమించండి.”

“నా మాట పోవడమేంటయ్యా?” అన్నాడు హల్వార్డ్. “ఓటేసి ఇంటికెళ్లి దుప్పటి ముసుగేశాను, పేపరు కూడా చూడలేదు. ఏమైంది?”

సింద్రె అంతా చెప్పాడు. పెద్దాయన మఫ్లరు చేతిలోనే ఉండిపోయింది.

“ఇన్నేళ్లుగా ఈ సభలో ఉన్నాను. కుర్రాడికి ఫోన్లో చెప్పేసి చేతులు దులుపుకునే రకాన్ననుకున్నావా? జత కట్టినవాడు విప్పుకునేటప్పుడు మనిషి ముఖం చూసి చెప్పాలి. అదీ మా పద్ధతి.”

“అంటే?”

“ఓటింగుకి ముందు లిఫ్టులో టోర్డిస్‌కి నేనే చెప్పాను.”