గద్ద వెనుక మంగవ్వ

మంగవ్వను కోడలు దివ్యశ్రీయే మందులివ్వక చంపింది. భార్య పోయిన నాటి నుంచి ఐలయ్యకు అందులో అనుమానం లేదు. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టడానికి కొడుకు ప్రవీణ్ ఆ పొద్దున పంజాగుట్ట వకీలు దగ్గరికి బయలుదేరుతున్నాడు.

అప్పుడే ఎదురింటి అజీమ్ ఒక ఫోటో తెచ్చాడు. మైత్రీవనం కంప్యూటర్ కోచింగ్‌లో జావా నేర్పుతాడు. సెలవు దొరికితే డాబా మీద దుర్భిణి నిలబెట్టి, దాని కంటికి చిన్న కెమెరా ఆనించి పిట్టల్ని తీస్తాడు.

“గద్ద కోసం తీసిన చాచా. ఎనక చాచీ సుత సాఫ్‌గ వచ్చింది. మొక్కకు ఎరువు పెడుతుండె. మీకు యాదికుంటదని తెచ్చిన.”

బాల్కనీ గోడ మీద గద్ద. దాని వెనుక మంగవ్వ మందుబిళ్లల్ని ఒక్కొక్కటే కుండీ మట్టిలోకి గుచ్చుతోంది. మూలన, ఆమె పోవడానికి వారం ముందటి తేదీ.

“ఇంకోటి ఉన్నదా?”

“లేదు చాచా, కెమెరాలకెల్లి తీసేసిన.”

ఐలయ్య ఫోటోను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

గడపలో ప్రవీణ్ ఆగాడు. “నాయినా, ఆఖరిసారి అడుగుతున్న. దివ్య నిజంగనే మందులు ఇయ్యలేదా?”

“ఇయ్యలే. పొయ్యి సంతకం పెట్టు. ఇగ ఆ ముచ్చట చచ్చేదాక నా నోట్లకెల్లి రాదు. నువ్వు అడగకు.”