పాతదే నయం

“కొత్తదానితో వేగలేకపోతున్నానురా,” అన్నాడు వ్యాకరణం మాస్టారు ఫోన్లో, కంప్యూటర్లోని కొత్త బ్రౌజర్‌ను కొరకొరా చూస్తూ. తమ్ముడి మాట విని దాన్ని పెట్టుకున్నది మొదలు ఒక్క పనీ సాగలేదు. రాయవలసిన వ్యాసం మొదటి వాక్యం దగ్గరే చతికిలబడింది.

“నాలుగు రోజులు ఓపిక పట్టు అన్నయ్యా. చూడటానికి బాగుందా లేదా?”

“అందానికేం, నాజూగ్గానే ఉంది. అందం కొరుక్కు తింటామా? అయినదానికీ కానిదానికీ నా అనుమతి అడుగుతుంది. నిన్నటి సంగతి ఇవాళ అడిగితే తెల్లమొహం వేస్తుంది. పాతది అలా కాదు. నేను మొదలుపెట్టడమే ఆలస్యం, మిగతాది అదే అందుకునేది.”

“పాతదాన్ని వదిలించుకున్నావా మరి?”

“ఎక్కడ? ఓ మూల అలాగే ఉంది. సాయంత్రంలోగా దీన్ని సాగనంపి దాన్నే తెచ్చుకుంటాను. ఎంతైనా పాతదే నయం.”

వెనుక గుమ్మం దగ్గర టీ కప్పు ఠక్కుమంది. అతను తిరిగి చూసేసరికి కప్పు మాత్రమే ఉంది, దాన్ని తెచ్చిన రెండో భార్య లేదు. మొదటి భార్యతో విడాకులైన తరువాత అతను చేసుకున్న ఆమె కాపురానికి వచ్చి ఎన్నాళ్లో కాలేదు.

పడకగదిలో మంచం మీద పెట్టె తెరిచి ఉంది. ఆమె బట్టలు మడతైనా పెట్టకుండా అందులో కుక్కుతోంది.

“ఏమిటిది?”

“సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్తాను. ఆవిడెక్కడో ఓ మూల ఉందన్నారుగా, వెళ్తూ వెళ్తూ రమ్మని చెప్పి వెళ్తాను.”

మాస్టారు తల పట్టుకున్నాడు. “నేనన్నది నిన్ను కాదు, బ్రౌజర్‌ని. మన భాషలో ఆడమనిషైనా ‘అది’, వస్తువైనా ‘అది’. తప్పు నాది కాదు, సర్వనామానిది.”

“నోరు మీది, పాపం వ్యాకరణానిదీనా?”

ఎంత చెప్పినా ఆమె చేతులు ఆగలేదు. చివరికి విసిగిపోయి, ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకువచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. తెర మీద ఓ మూలనున్న పాత బ్రౌజర్‌ను తెరిచాడు. ‘ని’ కొట్టగానే ‘నిఘంటువు’ అని వచ్చింది. ‘సం’ కొట్టగానే ‘సంధి సూత్రాలు’ అని వచ్చింది.

“చూశావా? నేను రోజూ దేనికోసం వెతుకుతానో దీనికి కంఠతా. మొదటి అక్షరం చాలు. నా మాట మీద నమ్మకం లేకపోతే దీన్ని నమ్ము. దీనికి అబద్ధమాడటం రాదు.”

ఆమె ముఖంలో బిగువు సడలింది. పెదవి చివర చిన్న నవ్వు కూడా తొంగిచూసింది.

“అయితే నా పేరు వస్తుందేమో చూస్తానుండండి,” అంటూ తన పేరులోని మొదటి అక్షరం నొక్కింది.

పాతది క్షణమైనా తడుముకోలేదు. అదే అక్షరంతో మొదలయ్యే మొదటి భార్య పేరును పూర్తిగా రాసి చూపించింది.