సాయంత్రానికల్లా గ్యాస్

ఈ కథలో ఆవగింజంత కల్పన ఉందని ఎవరైనా తేలిస్తే సగం మీసం గొరిగించుకుంటాను. ఇక వినండి.

“దించెయ్ బావా! ఇంకా ఎంతసేపు చూస్తావు?”

గాజు కొలిమి మేస్త్రీ, తన బావమరిది మాట విననట్టే నిలబడ్డాడు. పొద్దున్నే పైపులో గ్యాస్ ఆగిపోయింది. దాంతోపాటే ఊళ్ళో పొయ్యిలన్నీ చల్లబడ్డాయి. పొయ్యిదేముంది, మళ్ళీ వెలిగించుకోవచ్చు. కొలిమి కడుపులో నలభై టన్నుల గాజు కరిగి ఉంది. సాయంత్రంలోగా అడుగు బిరడా తీసి దించేస్తే కొలిమి ఖాళీగానైనా బతుకుతుంది. గ్యాస్ ఎప్పుడొచ్చినా పనికొస్తుంది. దించకపోతే గాజు లోపలే గడ్డకట్టి ఇటుకలను చీల్చేస్తుంది. ఆపైన అరవై ఇళ్ళకు పని ఉండదు.

పదకొండేళ్ళ కిందట దాన్ని వెలిగించింది మేస్త్రీయే. ఆనాటినుంచి ఒక్క గంట ఆరనివ్వలేదు. నిలబెట్టడం వచ్చు గానీ, ఆర్పడం ఆయన చేతికి రాదు.

అంతలో ఖాళీగా ఉన్న మేనేజరు గదిలో ఫోను మోగింది. మేస్త్రీ ఒక్క పరుగున వెళ్ళి, వెలిగిపోతున్న ముఖంతో తిరిగొచ్చాడు.

“గ్యాస్ ఆఫీసువాళ్ళు! సాయంత్రానికల్లా వదులుతారట. అందాకా కట్టెలతో వేడి నిలబెడితే చాలు.”

“ఫోను మోగిందా? నాకు వినబడలేదే!”

“ఇన్నేళ్ళు పంకాల హోరులో నానిన చెవులు నీవి. పక్కన పిడుగు పడ్డా వినబడదు.”

“నీ చెవులు నానింది కూడా అక్కడే కదా బావా!” అంటూనే బావమరిది గొడ్డలి అందుకున్నాడు.

మొదట సామాను సర్దే చెక్కపెట్టెలు పోయాయి. తర్వాత బల్లలు. మధ్యాహ్నం మళ్ళీ ఫోను.

“సగం దూరం వచ్చేసిందట!”

“గ్యాసేమైనా బస్సెక్కి వస్తోందా, మధ్యలో టీ తాగడానికి దిగిందా?” అన్నారెవరో. అన్నవాళ్ళే ఇంటికెళ్ళి తలుపులు ఊడదీసుకొచ్చారు.

మేస్త్రీ భార్య మంచం పట్టెలు నెత్తిన పెట్టుకొచ్చింది.

“ఏమయ్యా, పొద్దున్నించి ఇంట్లో గుక్కెడు నీళ్ళు కాగలేదు. ఇంతకీ కట్టుకున్నది నన్నా, దీన్నా?”

“నిన్నే. కాకపోతే ఇది ఎదురు మాట్లాడదు.”

అందరూ నవ్వారు. ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు.

పొద్దు వాలేసరికి కొలిమి నోట్లో తెల్లటి వెలుగు పసుపుబారి, ఎర్రబడింది. తేనెలా కదలాల్సిన గాజు బంకలా సాగింది. ఇనుపచువ్వ గుచ్చితే సగమే దిగింది. బావమరిది సుత్తి పట్టుకుని బిరడా దగ్గర కూలబడ్డాడు.

“నీ కాళ్ళు పట్టుకుంటా బావా. ఇప్పుడు తీస్తే కాస్తయినా దిగుతుంది. ఇంకో గంటైతే తీసీ లాభం లేదు.”

ఫోను మోగింది. మేస్త్రీ వెళ్ళొచ్చాడు. ఈసారి ముఖం వెలగలేదు, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

“పైపులో ఒత్తిడి ఎక్కుతోందట. గంటలో ఇక్కడుంటుంది. బిరడా ముట్టుకోవాలంటే ముందు నన్ను చంపు.”

బావమరిది సుత్తి కింద పెట్టేశాడు.

చీకటి పడబోతుండగా కొలిమి లోపల ఎండుకొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు. ఆ వెంటనే ఇంకొకటి. పైనుంచి కిందిదాకా నెర్రె పడింది. తలుపుల్లేని ఇళ్ళవాళ్ళంతా గ్యాస్ ఆఫీసును నోటికొచ్చినట్టు తిట్టారు. “ఇంత నమ్మించి గొంతు కోస్తారా!” మేస్త్రీ కూడా తిట్టాడు, ఏడుస్తూ. బావమరిది ఒక్కడే మేనేజరు గదివైపు చూస్తూ కూర్చున్నాడు.

“లే, ఇంటికి పోదాం,” అంది భార్య.

“పోయి ఏ మంచం మీద పడుకోను?”

“నేలను ఎవరూ కాల్చలేదు కదా, లే.”

ఇంతే కథ. సగం మీసం మీకు బాకీ పడ్డాను, ఒక్క సంగతి కల్పించాను మరి.

ఆ ఫోను ఒక్కసారి కూడా మోగలేదు.